ఊ కొట్టిన మధ్యాహ్నం

కారు కదిలేముందే అన్నయ్య వెనక తలుపులకి పిల్లలు తీయకుండా వేసే తాళం వేశాడు, నలభై ఏళ్ళ మనిషికి పిల్లల తాళం, ఆ టక్కుమన్న చప్పుడు వినగానే వెనక సీట్లో చెల్లెలు చిలక నాలికతో టక్కుమంది, అచ్చం అదే చప్పుడు, ముందు సీట్లో వదిన ఉలిక్కిపడి వెనక్కి చూసి మళ్ళీ అటు తిరిగిపోయింది. గంట ప్రయాణం అన్నాడు అన్నయ్య. గంటే కదా. గంటసేపు చెల్లెలి పక్కన కూర్చుంటే చాలు, అక్కడ ఇలాంటివాళ్ళని ఉంచుకుని చూసుకునే ఆ హోమ్ వాళ్ళు ఎదురొచ్చి ఈ మనిషినీ ఈ ఎర్ర సంచీనీ లోపలికి తీసుకెళ్ళిపోతారు, మళ్ళీ గంట వెనక్కి, చీకటి పడకముందే ఎవరిళ్ళకి వాళ్ళు. ఈ గంటా ఫోను తీయకూడదు అని అమ్మడు ఇంటి మెట్లు దిగేటప్పుడే గట్టిగా అనుకుంది. చిలక చెయ్యి పట్టుకుని కూర్చోవాలి, కిటికీలోంచి దానికి లారీలు చూపించాలి, లారీలంటే దానికి ఇష్టం, అనుకుంటూనే ఉంది, ఫోను అప్పటికే అరచేతిలో ఉంది. సంచీలోంచి ఎప్పుడు తీసిందో తెలియదు. తీయాలని అనుకున్న గుర్తు కూడా లేదు, దురద పుట్టకముందే గోకే చెయ్యిలా ఉంది తన చెయ్యి. తెర మీద ఎవరో తెలియని మనిషి మురికి పట్టిన తివాచీని నీళ్ళ గొట్టంతో కడుగుతున్నాడు, నల్లటి నీళ్ళు పోతున్నాయి, కింద నుంచి ఎర్ర పువ్వులు బయటపడుతున్నాయి, ఇంకా ఒక మూల మిగిలి ఉంది, ఆ మూల ఒక్కటీ చూసి పెట్టేద్దాం, ఆ మూల ఒక్కటే.

నలభై ఆరేళ్ళొచ్చినా ఇంట్లో ఆమె ఇంకా అమ్మడే. చెల్లెలు మాత్రం చిలక. పుట్టినప్పుడు పెట్టిన పేరు వేరే ఉంది, ఆసుపత్రి కాగితాల మీద తప్ప ఎక్కడా వినపడదు. ఐదేళ్ళొచ్చినా మాటలు రాలేదని అందరూ బెంగపడుతుంటే ఒకరోజు అన్నాల దగ్గర నాన్న గొంతుతో, నాన్న విసుగుతో, "ఉప్పేదీ, ఉప్పెక్కడ పెట్టి చచ్చారు?" అంది. అందరూ పడీపడీ నవ్వారు, ఆ తరువాత ఒక్కొక్కరే నవ్వు ఆపేశారు, ఎందుకంటే అది దాని మాట కాదు. దానికి తన మాటంటూ ఒకటి లేదు. ఆకలేసినా చెప్పదు, నొప్పెట్టినా చెప్పదు, విన్నది మాత్రం విన్నట్టు, ఎవరన్నారో వాళ్ళ గొంతుతో, దగ్గూ తుమ్మూ సహా అప్పజెబుతుంది. పక్కింటావిడ కోడల్ని తిట్టిన తిట్లన్నీ వాళ్ళ చుట్టాలొచ్చినప్పుడు వరుస తప్పకుండా వినిపించింది, ఆ దెబ్బతో వాళ్ళు వీళ్ళ గోడ దగ్గర గుసగుసలాడటానికి కూడా భయపడేవారు. చిలక అని పేరు పెట్టింది అన్నయ్యే. వేళాకోళానికి పెట్టాడు, అదే నిలిచిపోయింది. అయితే ఊరికే రాదు ఆ మాట, ఏదో ఒక చప్పుడు దానికి తాళంచెవి. వీధి తలుపు గంట మోగితే నాన్న గొంతు వచ్చేది, "ఎవరదీ? వస్తున్నా, తలుపు విరగ్గొట్టకండి" అని, నాన్న పోయాక కూడా ఎన్నేళ్ళైనా అలాగే వచ్చేది, కొత్తవాళ్ళు ఆ గొంతు విని లోపల మగమనిషి ఉన్నాడనుకునేవారు. అమ్మ ఒక్కోరోజు ఊరికే చెప్పులేసుకుని బయటికెళ్ళి, తలుపు దగ్గరికి లాగి, తనే గంట కొట్టి, చెవి తలుపుకి ఆనించి నిలబడేది. ఒకసారి అమ్మడు చూసింది. ఏంటమ్మా ఇది అంటే అమ్మ సిగ్గుపడి, గంట సరిగా మోగుతోందో లేదో చూస్తున్నానే అంది.

తివాచీ మూల అయిపోయింది. ఇంకొకటి మొదలైంది, ఇది ఇంకా మురికిగా ఉంది.

ఇలాంటిదే చూస్తోంది ఆ మధ్యాహ్నం కూడా. ఆదివారం, తన వంతు. అమ్మకి గుండె అరిగిపోయిందని, ఇక ఆసుపత్రిలో చేసేదేమీ లేదని, ఇంట్లోనే ప్రశాంతంగా ఉంచమని డాక్టరు పంపేశాక ముగ్గురూ వంతులేసుకున్నారు. అన్నయ్య వారమంతా ఆఫీసు నుంచి అటే వెళ్ళేవాడు, వదిన పొద్దున్న వేళల్లో, ఆదివారం అమ్మడు. మంచం పక్కన కుర్చీ, కుర్చీలో తను, చేతిలో అది. చిలక మంచం కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని తువాళ్ళు మడత పెడుతోంది, పెట్టినవి విప్పి మళ్ళీ పెడుతోంది. అమ్మ ఏదో అంటోంది. చాలాసేపు ఏదేదో అంది. అది మాత్రం గుర్తుంది, పక్క గదిలో కుళాయి విప్పి వదిలేసినట్టు ఒక గొంతు సన్నగా కారుతూ ఉండటం గుర్తుంది, అది ఆగినప్పుడల్లా తను ఊఁ అనటం గుర్తుంది, మాటలే గుర్తులేవు, అసలు మాటలు చెవిదాకా రాలేదు. ఎప్పుడో తల ఎత్తి చూస్తే అమ్మ కిటికీ వంక చూస్తోంది. ఏం చూస్తున్నావమ్మా అంది. ఇంకో వీడియో దానంతటదే మొదలై సగం అయింది, అప్పటికి తట్టింది, చూస్తున్న కళ్ళు రెప్ప వేయటం లేదని. ఎంతసేపటి నుంచి అలా ఉందో తెలియదు. అమ్మ చెయ్యి పట్టుకోవటానికి లేచినప్పుడు ఫోను ఎడమ చేతిలోనే ఉంది, కుడి చేత్తో పట్టుకుంది అమ్మని.

వినటమే తన ఉద్యోగం, అదొక వెక్కిరింత. కస్టమర్లు ఫోన్ చేసి గోడు వెళ్ళబోసుకుంటే ఆఫీసులో పిల్లలు జవాబు చెబుతారు, ఆ సంభాషణల రికార్డులు చెవులకి పెట్టుకుని విని మార్కులు వేయటం అమ్మడి పని. మర్యాదగా మాట్లాడారా, మధ్యలో అడ్డొచ్చారా, నిజంగా విన్నారా లేక ఉత్తినే ఊ కొట్టారా. ఉత్తి ఊఁ ఎలా ఉంటుందో ఆమెకి తెలిసినంతగా ఆ ఆఫీసులో ఎవరికీ తెలియదు. వినే మనిషి ఊఁ మాటకి తగ్గట్టు ఎక్కుతుంది దిగుతుంది, విననివాడి ఊఁ గోడకి కొట్టిన మేకులా ఒకే చోట ఉంటుంది. కొత్తగా చేరిన ఒక పిల్ల, భర్త పోయినావిడ ఏడుస్తూ చెబుతుంటే అలాంటి ఊఁలు వరసగా కొట్టిందని అమ్మడు సున్నా వేసింది, ఆ పిల్ల ఉద్యోగం పోయింది. వెళ్ళేరోజు వచ్చి, "మేడమ్, ఆ రోజు నాకు ఒంట్లో బాగోలేదండీ," అంది. "ఆవిడకి అంతకన్నా బాగోలేదమ్మా," అని చెప్పింది అమ్మడు. బాగా చెప్పానని ఇంటికొచ్చి భర్తతో కూడా అంది. ఆయన తన గదిలోంచి ఊఁ అన్నాడు. ఆయనది ఒక గది, ఆమెది ఒక గది, గొడవలేమీ లేవు, బాగున్న వీడియో కనిపిస్తే ఆయన అటు నుంచి పంపిస్తాడు, ఆమె ఇటు నుంచి నవ్వే బొమ్మ పెడుతుంది, గోడకి ఆ పక్క ఆయన నవ్వటం వినపడుతుంది, అదే కాపురం. మానేద్దామని చూడలేదా అంటే చూసింది. ఒక ఆదివారం ఈ ఫోన్ని ఎక్కడైనా దాచేయండి, నేనడిగినా ఇవ్వకండి అని ఆయనకే ఇచ్చింది. మధ్యాహ్నానికి అడిగింది. ఇవ్వనన్నాడు, నువ్వే చెప్పావుగా అని నవ్వాడు. ఆ నవ్వు మీద ఆమె చేసిన పని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు ముడుచుకుంటుంది, ఆయన మణికట్టు మెలితిప్పింది, గోళ్ళు దిగి రక్తం వచ్చింది, ఇద్దరూ ఆ రక్తం వంక చూశారు, అప్పుడు కూడా ఆమె అడిగింది ఫోనెక్కడ అనే. ముక్కుతాడు ఎవరి చేతిలో ఉందో ఎద్దుకి కనపడదు. తాడు లాగినప్పుడు తిరుగుతుంది, తనే తిరిగాననుకుంటుంది.

గ్లాసు అంచు మీద చెంచాతో కొట్టినట్టు ఫోను టింగుమంది.

"అమ్మడూ, ఆ కిటికీ కాస్త మూస్తావా, చలిగా ఉంది," అంది అమ్మ.

కారు ఒక్కసారి పక్కకి లాగింది. వెనకొచ్చే బండి హారన్ కొట్టుకుంటూ దాటిపోయింది. చిలక ఎదురుగా ఉన్న సీటు వీపు వంక చూస్తూ, పెదాలు కొద్దిగా కదుపుతూ, అమ్మ గొంతులోని ఆ చివరి రోజుల గరగరతో సహా అన్నది, అని ఊరుకోలేదు, చిన్న విరామం ఇచ్చి అమ్మడి గొంతుతో "ఊఁ" అంది. గోడకి కొట్టిన మేకులాంటి ఊఁ.

"అమ్మ," అన్నాడు అన్నయ్య. కారుని మళ్ళీ దారిలో పెట్టాడు. "అమ్మ గొంతే. విన్నారా?"

"అచ్చం అత్తయ్యే," అని వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

కిటికీ, అనుకుంది అమ్మడు. ఆ రోజు డాక్టరొచ్చి చూసి వెళ్ళాక వదిన గదిలోకి వస్తూనే, ఇంత గాలి కొడుతుంటే ఎవరూ మూయలేదేంటి దీన్ని అంటూ కిటికీ మూసింది. వానజల్లు పడి దుప్పటి ఒక మూల తడిసి ఉంది. అమ్మ కిటికీ వంక ఎందుకు చూస్తోందో ఇప్పుడు తెలిసింది. ఇదంతా ఇన్నాళ్ళూ బయటికి రాలేదంటే ఎలా వస్తుంది, ఆ చప్పుడు తన ఫోనుది ఒక్కదానిదే, భర్త ఎక్కడో వెతికి పెట్టి ఇచ్చాడు, మరెవరికీ లేదు, పదిమంది వచ్చిపోయే ఇంట్లో మర్యాద కాదని అమ్మ పోయిన దగ్గర్నుంచీ ఫోను గొంతు నొక్కి ఉంచింది, ఇవాళ పొద్దున్నే మళ్ళీ విప్పింది. ఇప్పుడు నొక్కేయొచ్చు. పక్కనే ఉంది మీట, బొటనవేలు దాని మీదే ఉంది. నొక్కితే అయిపోతుంది.

టింగ్.

"ఏం చూస్తున్నావే అంతగా? నాకూ చూపించు." ఆ గొంతులో కాస్త నవ్వు. "ఊఁ."

"ఫోను మోగితే అంటోంది!" వదిన సీటులో పూర్తిగా వెనక్కి తిరిగింది, కళ్ళు తడిగా మెరుస్తున్నాయి. "చూశారా? అమ్మడి ఫోను మోగినప్పుడల్లా అంటోంది. ఉండు అమ్మడూ, నేను పంపిస్తా. ఏదో ఒకటి పంపిస్తా ఉండు."

"వద్దు వదినా."

"అదేంటే వద్దంటావు? మళ్ళీ వింటామా ఈ గొంతు? అక్కడ వదిలేశాక ఇంకెక్కడ వింటాం?"

"పంపించవే, పంపించు," అన్నాడు అన్నయ్య, ముక్కు చీదుకుంటూ, చిన్నపిల్లాడిలా.

వదిన ఒక పువ్వు బొమ్మ పంపింది. టింగ్. వద్దు అన్న నోరు ఇంకా మూయనేలేదు, వేలు వెళ్ళి ఆ పువ్వుని తెరిచింది.

"చిన్నప్పుడు కథ చెప్పు కథ చెప్పు అని ప్రాణం తీసేదానివి. ఊ కొడుతూ కొడుతూనే పడుకునేదానివి. నీ ఊఁ ఆగిపోతే, హమ్మయ్య నిద్రపోయింది అనుకుని లేచి పనికి పోయేదాన్ని."

"ఊఁ."

అన్నయ్య ఏడుస్తూ నవ్వాడు. అమ్మడికి నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు, చెవులు మాత్రం రిక్కించుకుని కూర్చుంది, ఆఫీసులో కూర్చున్నట్టే, ఇంత శ్రద్ధగా అమ్మని ఎప్పుడూ వినలేదు. తరువాత ఏం వస్తుంది? అమ్మ పోయిన మర్నాడు అన్నయ్య వంటింట్లోకి వచ్చి అడిగిన మాట గుర్తుకొచ్చింది. కొలత టేపు చేతిలో పట్టుకుని వచ్చాడు. తన ఇంట్లో స్టోర్ రూము ఖాళీ చేస్తే చిలకకి మంచం పడుతుందో లేదో, పాత మంచమే పడుతుందా అని అప్పటిదాకా అమ్మ గదిలో మంచం కొలుస్తున్నాడు. "మీ వదినకి ఇష్టం లేదు, తెలుసుగా. అయినా నేనే తీసుకెళ్దామనుకుంటున్నా. నువ్వే ఉన్నావు కదా చివర్లో, అమ్మేమైనా చెప్పిందా చిలక గురించి?" అని అడిగాడు. నేను వినలేదు అన్నయ్యా అని చెప్పొచ్చు. అమ్మ ఏదో అంది, నేను తివాచీలు చూస్తున్నాను అని చెప్పొచ్చు. చెప్పిందా అంటే చెప్పలేదనైనా అనొచ్చు. కానీ చివరి గంటలో పక్కనున్న కూతురితో తల్లి ఒక్క మాటైనా అనలేదంటే ఎవరు నమ్ముతారు, ఎందుకు అనలేదని అడగరా. "చెప్పింది," అంది అమ్మడు. "ఎవరికీ భారం కాకుండా ఎక్కడైనా మంచి చోట చూసి పెట్టమంది." ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట, అమ్మ గొంతు కూడా కాస్త పట్టుకుని మరీ చెప్పింది. అన్నయ్య టేపు వదిలేశాడు, అది సర్రుమని లోపలికి చుట్టుకుపోయింది. "అమ్మే అందా," అన్నాడు. వదిన ఆ రాత్రి అమ్మడిని కౌగిలించుకుని, అత్తయ్య చల్లని తల్లి అని ఏడ్చింది. వారం తిరిగేసరికి హోమ్ కుదిరింది.

వదిన రెండో పువ్వు పంపింది. టింగ్.

"చిలకని ఎక్కడా వదలొద్దే," అంది అమ్మ. గొంతు ఈసారి బాగా దిగిపోయి ఉంది, మాటకీ మాటకీ మధ్య గాలి. "అన్నయ్య తీసుకెళ్తానంటాడు, మీ వదిన కాదంటుంది, వాడు నోరు మూసుకుంటాడు. అమ్మ ఇలా చెప్పింది అని నువ్వు గట్టిగా చెప్పు వాడికి. నువ్వు చెబితే వింటాడు. చెప్తావు కదూ తల్లీ?"

"ఊఁ."

"చెప్తావా?"

"ఊఁ."

అక్కడితో ఆగుతుందనుకుంది అమ్మడు. ఆగలేదు. చిలక ఊపిరి తీసింది, అది దాని ఊపిరి కాదు, పొడుగ్గా, తడిగా, ఎక్కడో తట్టుకుని మళ్ళీ బయలుదేరే ఊపిరి, ఒకటి, ఆ తరువాత చాలాసేపటికి ఇంకొకటి, ఆ రెంటికీ మధ్య ఎవరో కిలకిలా నవ్వారు. అమ్మడి నవ్వు. తివాచీలు కాదన్నమాట అప్పుడు చూస్తున్నది, ఏదో నవ్వించేది చూస్తోంది, ఏదో కుక్క మంచు మీద జారిపడేది, తనకి నవ్వొచ్చింది, నవ్వింది. ఇంకొక ఊపిరి రావాలి. రాలేదు. చిలక నోరు మూసుకుని ఒళ్ళో ఉన్న సంచీ పట్టీ సవరించుకుంది.

అన్నయ్య కారుని రోడ్డు పక్కకి తీసి ఆపాడు. ఇంజను తిరుగుతూనే ఉంది. లారీలు పోతుంటే కారు కొద్దికొద్దిగా ఊగుతోంది, చిలక వాటి వంక చూస్తోంది.

"అమ్మ ఏమందని చెప్పావు నువ్వు నాకు?" అన్నాడు అన్నయ్య. వెనక్కి తిరగలేదు, అద్దంలోంచి చూశాడు.

అమ్మడు ఫోను బోర్లించి ఒళ్ళో పెట్టుకుంది.

"నేను కాదన్నానా?" అంది వదిన గబగబా. "ఎప్పుడైనా ఈ నోటితో కాదన్నానా? మీ అమ్మగారు ఎలా అనుకున్నారో చూడండి నా గురించి. అయినా దానికేం తెలుసండీ, ముందుది వెనకా వెనకది ముందూ. ఎప్పటి మాటో. మందుల మత్తులో అన్న మాటేమో. హోమ్ వాళ్ళు గది కడిగించి ఎదురుచూస్తుంటారు, ఇంత దూరం వచ్చాక..." అంటూ ఆగిపోయింది, భర్త తన వంక చూడటం లేదని గమనించి.

అన్నయ్య స్టీరింగు మీద నుదురు ఆనించాడు. మెడ వెనక వెంట్రుకలు తెల్లబడి ఉన్నాయి. టేపు పట్టుకుని మంచం కొలిచిన మనిషి. ఇప్పుడు ఒక్క మాట చాలు. వెనక్కి తిప్పు అన్నయ్యా, అంతే. అమ్మ అడిగింది ఇదే, ఇప్పుడు చెప్పినా చెప్పినట్టే, ఆలస్యమైంది అంతే, కారు తిప్పితే అందరూ చీకటి పడకముందే ఇంటికెళ్ళిపోవచ్చు. ఇంకెవరి మాటా వినడు, నువ్వు చెబితే వింటాడు అంది అమ్మ. మాట గొంతుదాకా వచ్చింది, నిజంగానే వచ్చింది, నాలుక కదిలింది కూడా.

"నాలుగు వందల మీటర్ల తరువాత ఎడమకు తిరగండి," అంది అన్నయ్య ఫోనులో దారి చెప్పే ఆడగొంతు, ఏమీ జరగనట్టు.

టింగ్.

ఇది వదిన పంపింది కాదు. ఎవరు పంపిందో, ఏమిటో, ఆఫీసుదో, కొత్త వీడియో ఏదైనా వచ్చిందో. చిలక ఈసారి ఏమీ అనలేదు, ఆ మధ్యాహ్నంలో ఆ తరువాత అమ్మ మాటల్లేవు. ఎవరు పంపారో చూసి, ఒక్క క్షణం చూసి, చెప్పేద్దాం. భర్త పంపాడు. పిల్లి ఒకటి అద్దంలో తనని తాను చూసుకుని భయపడుతోంది. అది చివరిదాకా చూడాల్సినంత పెద్దది కూడా కాదు, రెప్పపాటులో అయిపోతుంది, అయిపోయింది, మళ్ళీ మొదటి నుంచి వచ్చింది, అమ్మడు తల ఎత్తేసరికి కారు కదులుతోంది. అన్నయ్య అద్దంలోంచి ఆమెనే చూస్తున్నాడు, ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో, ఆ చూపులో కోపం లేదు, కోపమే ఉంటే బాగుండేది. దారి చెప్పే గొంతు ఎడమకు అంది, ఆయన ఎడమకు తిప్పాడు. నేరుగా వెళ్ళండి అంది, వెళ్ళాడు. వదిన రుమాలుతో ముఖం తుడుచుకుని ముందుకి తిరిగి కూర్చుంది. అన్నయ్య ఒప్పుకున్నాడని ఎవరూ అనలేరు, వద్దన్నాడనీ అనలేరు, ఎవరూ ఏమీ అనలేదు, ఫోను చెప్పింది, కారు వెళ్ళింది. ఆయనకీ వారం రోజులు తేలిగ్గా గడిచాయి కదా, అమ్మే అందని నమ్మిన వారం. రాత్రిళ్ళు నిద్ర పట్టి ఉంటుంది. ఆ నిద్రని ఇప్పుడెలా వదులుకుంటాడు.

"మీరు గమ్యస్థానానికి చేరుకున్నారు," అంది ఫోను.

"మీరు గమ్యస్థానానికి చేరుకున్నారు," అంది చిలక, అంతకన్నా స్పష్టంగా.

హోమ్ బాగానే ఉంది. గోడలకి లేత పచ్చ రంగు, నేల మీద ఫినాయిల్ వాసన, కుర్చీలన్నీ గోడ వంక కాకుండా ఒకదాని వంక ఒకటి తిప్పి ఉన్నాయి కానీ వాటిలో కూర్చున్నవాళ్ళెవరూ ఒకరి వంక ఒకరు చూసుకోవటం లేదు. వార్డెను పొట్టిగా, చలాకీగా ఉంది, నవ్వుతూ వచ్చి సంచీ అందుకోబోతే చిలక వదల్లేదు, సరే నీ దగ్గరే ఉంచుకో తల్లీ అంది. తల్లీ అనగానే చిలక ఆవిడ వంక చూసింది. "అల్లరి చేస్తుందా అండీ?" అని అడిగింది వార్డెను. "లేదండీ, విన్న మాటలు అంటుంటుంది, అంతే," అన్నాడు అన్నయ్య. "ఏదైనా చప్పుడు విన్నప్పుడు," అంది వదిన. "అయితే ఇక్కడ ఇబ్బందే లేదు," అంది వార్డెను. "లోపల టీవీ లేదు, గంటలు లేవు, ఫోన్లు అసలే రానివ్వం, మా ఆఫీసు ఫోను తప్ప. నెల తిరిగేసరికి అన్నీ మర్చిపోయి బుద్ధిగా ఉంటుంది చూడండి." అన్నీ మర్చిపోయి. అమ్మడు ఆ మాట పట్టుకుని నిలబడింది. కిటికీ మూయమన్న గొంతు, కథ చెప్పిన గొంతు, ఆ ఊపిరి, దాని పక్కనే తన నవ్వు, అన్నీ. గుండెల మీది బరువు ఎవరో చేత్తో తీసి పక్కన పెట్టినట్టు హాయిగా అనిపించింది, అలా అనిపించినందుకు భయం వేయాలి, వేయలేదు.

అన్నయ్య చిలక నెత్తి మీద చెయ్యి పెట్టాడు, అది చెయ్యి కింద నుంచి తప్పుకుంది, దానికి నెత్తి మీద చెయ్యి ఇష్టం ఉండదు, అమ్మకి తెలుసు. "వెళ్ళొస్తాం చిలకా," అంది అమ్మడు. చిలక ఎవరి గొంతుతోనూ ఏమీ అనలేదు. వార్డెను గుమ్మం దాకా వచ్చి అందరి నంబర్లూ అడిగి తీసుకుంది. "రోజూ ఒక ఫొటో పెడతామండీ, మీరేమీ రాయక్కర్లేదు, కింద గుండె బొమ్మ నొక్కితే చాలు, చూశారని మాకు తెలుస్తుంది. కొంతమంది అస్సలు చూడరు, పాపం," అంది. మేం చూస్తామండీ అంది వదిన.

వెనక్కి వస్తుంటే వెనక సీటు విశాలంగా ఉంది. అన్నయ్య దారి చెప్పే గొంతుని ఆపలేదు, వచ్చిన దారే అయినా అది చెబుతుంటే వింటూ నడుపుతున్నాడు. అమ్మడు అమ్మ మాటలు మొదటి నుంచి వరసగా గుర్తు చేసుకోవాలనుకుంది, ఇప్పుడే విన్నవి కదా, ఇక వినిపించేవాళ్ళు లేరు కదా, తనే దాచుకోవాలి. కిటికీ మూస్తావా. ఆ తరువాత? ఏం చూస్తున్నావే. ఆ తరువాత ఏదో కథ గురించి. తెర మీద ఎవరో ముసలాయన విరిగిన పాత కుర్చీకి రంగు వేయటం మొదలుపెట్టాడు, ముందు గరుకు కాగితంతో రుద్దుతున్నాడు, పాత పొర పొడిపొడిగా రాలుతోంది. టింగుమని పైన ఫొటో వచ్చింది, వేలు వెళ్ళి గుండె నొక్కింది. అన్నయ్య ఎర్ర దీపం దగ్గర ఆగి తన ఫోనులో నొక్కాడు. వదిన నొక్కింది. కింద మూడు ఎర్రటి గుండెలు వరసగా పడ్డాక అప్పుడు అమ్మడు ఫొటో చూసింది. చిలక మంచం అంచు మీద కూర్చుని ఉంది. సంచీ ఇంకా ఒళ్ళోనే ఉంది. ముఖం తలుపు వైపు, నోరు తెరిచి ఉంది, మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి, గట్టిగా ఏదో అంటోంది, ఏమంటోందో, ఎవరి గొంతుతో అంటోందో, ఫొటోకి చప్పుడు ఉండదు.

"బాగా కుదురుకున్నట్టుంది కదూ?" అంది వదిన ముందు నుంచి.

ఆ గుండె తీసేయాలి. మళ్ళీ నొక్కితే పోతుంది. నొక్కుదామనే వేలు ఎత్తింది అమ్మడు, ఎత్తిన వేలు ఫొటోని పైకి తోసేసింది, కింద ముసలాయన కుర్చీకి మొదటి పూత నీలం రంగు వేస్తున్నాడు, ఎంత ఓపికగా, ఎంత నునుపుగా వేస్తున్నాడో, ఇంకొక కాలు మిగిలి ఉంది.